ఓడవాడు

గేటు కిర్రుమంది. ఆగి, మళ్ళీ కిర్రుమంది.

తాళాల మేస్త్రి కొట్లోంచి వెనకనున్న ఇంటి వైపు వచ్చి చూశాడు. ఎవరో పిల్ల. గేటు తీసి, వేసి, మళ్ళీ తీస్తోంది.

"అది గేటమ్మా, ఉయ్యాల కాదు."

మేడ మీద గది అద్దెకుందన్న బోర్డు చూసి వచ్చానంది. చూపు మాత్రం మేడ మీద లేదు. కింది గది కిటికీ మీద ఉంది.

"అమ్మగారు లేరా బాబాయ్‌ గారూ?"

"పోయింది. ఆవిడ మాట మళ్ళీ ఎత్తేటట్టయితే గది లేదు."

ఆ పిల్ల గేటు నెమ్మదిగా వేసింది. తర్వాత గది చూడకుండానే ఒప్పుకుంది. గేటుకు మాత్రం నూనె వెయ్యొద్దని అడిగింది.

తాళాలు బాగుచేసేవాడి ఇంటి గేటు అరవడం వీధిలో నవ్వులాటే. భార్య ఉన్నన్నాళ్ళూ నూనె వెయ్యనివ్వలేదు. ఇప్పుడు ఈ పిల్లా వద్దంది. ఆడవాళ్ళ తిక్క అనుకున్నాడు.

భార్య పిల్లల కథలు చదివి, ఫోన్లో రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టేది. మేస్త్రి ఒక్కటీ వినలేదు. అప్పుడు తీరిక లేదు. ఇప్పుడు ధైర్యం లేదు. పొద్దున్నే ఆ పేజీ తెరిచి, ఎంతమంది విన్నారో మాత్రం చూసేవాడు.

ఒక్కరే. ఆమె పోయినప్పటి నుంచీ రోజూ ఒక్కరే. ఒకనాడు మంచు దేశం పేరు పడేది, మర్నాడు ఎడారి దేశం పేరు. పక్కన చిన్నగా ఏవో అంకెలుండేవి. వాటిని పట్టించుకోలేదు.

ఇన్ని దేశాలు తిరిగేవాడు ఓడలో పనిచేసేవాడే అయ్యుంటాడు. అతనికి ఓడవాడని పేరు పెట్టుకున్నాడు. ఇవాళ ఎక్కడున్నాడో చూడందే కొట్టు తెరిచేవాడు కాదు. ఏ సముద్రం మీదో ఒకడు ఆమె గొంతు కోసం ఆగుతున్నాడంటే, ఆమె పూర్తిగా పోనట్టే.

మేడ మీది పిల్ల గదిలో కూర్చునే ఏదో కంపెనీకి పని చేసేది. మేస్త్రి ఇంటి ఇంటర్నెట్టే వాడుకునేది. చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. పిలిస్తే పలికేది కాదు.

ఒక వారం పేజీ తెరుచుకోక మేస్త్రి ప్రాణం విసిగింది. ఇంటర్నెట్ ఆఫీసుకు వెళ్ళి కౌంటర్లోని అమ్మాయిని నిలదీశాడు. లైను మరమ్మతులో ఉందని ఆమె చెప్పింది. మీ ఇంట్లో ఎవరో వీపీఎన్ కూడా వాడుతున్నారని, అది తప్పేం కాదని, అందులో ఏం వెళ్తోందో మాత్రం మాకూ కనిపించదని చెప్పింది.

మేస్త్రికి చివరి మాటే చెవిన పడింది.

"ఏం దాస్తున్నావు నా ఇంట్లో?" అని ఆ పిల్లని మెట్ల మీదే ఆపాడు.

"ఆఫీసు కంప్యూటర్లో వాళ్ళే పెట్టారు బాబాయ్‌ గారూ. అది లేకుండా పని చెయ్యనివ్వరు."

"తలుపుకి తాళం వేస్తే నాకర్థమవుతుంది. మొహానికి ముసుగేస్తే కాదు. ఆదివారానికి ఖాళీ చెయ్యి."

ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. కింది గది కిటికీ వైపు చూసి ఊరుకుంది.

ఆదివారం ఆఫీసు కంప్యూటర్‌తో సహా అన్నీ పెట్టెల్లో సర్దేసింది. బండి వచ్చేదాకా ఫోన్ చెవికి ఆనించుకుని మెట్ల మీద కూర్చుంది. వెళ్తూ గేటు నెమ్మదిగా వేసింది. దాని చప్పుడు పూర్తిగా ఆగాకే కదిలింది.

మర్నాడు మేస్త్రి పేజీ తెరిచాడు. దేశం పేరు పడే చోట తమ ఊరి పేరు పడింది.

ఓడవాడు ఊళ్ళోకి వచ్చాడు. ఇన్నాళ్ళూ విన్నవాడు ఆమె ఇంటిని వెతక్కుండా వెళ్తాడా?

వాకిలి ఊడ్చాడు. కుర్చీ తుడిచి వేశాడు. అన్ని దేశాలు చూసినవాడు తాళాల మేస్త్రి ఇంటి గేటు చూసి నవ్వకూడదు. మడతబందులకు నూనె వేశాడు.

ఎవరూ రాలేదు. పేజీలో సున్నా పడింది. ఆ తర్వాతా సున్నాయే.

ఉండబట్టలేక మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాడు. ఆదివారం పడ్డ అంకెలు చూపించి, ఈ మనిషి ఎక్కడున్నాడో చెప్పమన్నాడు.

"ఇది ఐపీ అడ్రసండీ. ఇంటర్నెట్లోకి వెళ్ళేటప్పుడు మీ ఇంటికుండే నంబరు. మేమే ఇస్తాం. వేరేవాళ్ళదైతే చెప్పకూడదు," అంటూ ఆ అమ్మాయి కంప్యూటర్లో చూసింది. చూసి తలెత్తింది. "ఇది మీదేనండీ."

"నేను వినలేదు."

"మీ లైన్ మీద ఏ ఫోన్లో విన్నా ఇదే నంబరు పడుతుంది."

"మరి మంచు దేశం? ఎడారి దేశం?"

"వీపీఎన్ అయితే అలాగే పడుతుంది. మీ గుమ్మంలోంచే బయల్దేరుతుంది, కానీ ఎక్కడో ఇంకో దేశపు గుమ్మం దాటి అవతలికి చేరుతుంది. వాళ్ళకి ఆ గుమ్మం నంబరే కనిపిస్తుంది. మనిషి మాత్రం కుర్చీలోంచి కదలడు."

మేస్త్రికి మేడ మీది పిల్ల హెడ్‌ఫోన్లు గుర్తొచ్చాయి. ఆ పిల్ల ఫోన్ నంబరైనా అతని దగ్గర లేదు. ఎన్నడూ అడగలేదు.

ఇంటికొచ్చి గేటు తోశాడు. అది నోరెత్తలేదు.

కిటికీ దగ్గర కూర్చుని, మొదటిసారి ఒక కథ పెట్టాడు.

"తాళాల కొట్టు వెనకింట్లో, కిటికీ పక్కన కూర్చుని చదువుతున్నాను," అని మొదలుపెట్టింది ఆమె. కథలో నక్కపిల్ల దారి తప్పింది. సరిగ్గా అక్కడ గేటు కిర్రుమంది. ఆగి, మళ్ళీ కిర్రుమంది.

"ఆయన వచ్చేశారు," అంది ఆమె. గొంతులో నవ్వు. "మిగతాది రేపు."

ఆ పిల్ల అద్దె గది కోసం రాలేదు. కథలు ఆగిపోయాక, ఈ గేటును వెతుక్కుంటూ వచ్చింది.