లైను మీద మనిషి

"వదులుతావా, చెయ్యి విరగ్గొట్టమంటావా?" అంటూ హరనాథబాబు పార కర్రతో లక్‌పతి ముంజేతి మీద కొట్టాడు.

లక్‌పతి వదల్లేదు. బాన్సువాడ నుంచి వర్ని వెళ్లే రోడ్డు పక్కన, కరెంటు స్తంభానికి బిగించిన ఇనుప హ్యాండిల్‌ను రెండు చేతులతో వాటేసుకుని కూర్చున్నాడు. దాన్ని పైకి నెడితే కింది పొలాలకు కరెంటు వస్తుంది, కిందికి లాగితే పోతుంది. లైన్‌మన్ సుమన్ దగ్గర హెల్పర్‌గా అతని పని అంతే. ఎక్కడో ఒకరు స్తంభమెక్కితే, వాళ్లు దిగేదాకా ఇక్కడ కాపలా ఉండాలి. ఇదీ ఒక నౌకరేనా అని తండాలో నవ్వేవాళ్లు. అతనికి మాత్రం, పైనున్న మనిషి ప్రాణాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టు ఉండేది.

ఆ రోజు పొద్దున్నుంచీ కరెంటు లేదు. వరి పొట్ట మీదుంది. మళ్లు నెర్రెలు విచ్చాయి. హరనాథబాబు వెంట వచ్చిన రైతుల ముఖాలు ఎండకూ కోపానికీ కమిలిపోయి ఉన్నాయి.

లక్‌పతి మొదట నెమ్మదిగానే చెప్పి చూశాడు. కాలువ అవతల తీగ తెగిందన్నాడు. ఎక్కబోయిన సుమన్ జారిపడి మడమ బెణికించుకున్నాడనీ, పొలాల్లోంచి ఎవరో పని తెలిసిన మనిషి వచ్చి తానెక్కుతానన్నాడనీ, మళ్లీ ఫోన్ చేసేదాకా హ్యాండిల్ ముట్టొద్దని సుమన్ చెప్పాడనీ అన్నాడు.

"ఎక్కింది ఎవడు?" అని అడిగాడు హరనాథబాబు.

"పేరడగలే సారూ. ఎవరైతేంది? మనిషే గద."

సుమన్‌తో మాట్లాడించమన్నారు. లక్‌పతి ఫోన్ చేశాడు. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. ఇక వాళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. సుమన్ ఎక్కడో నీడన పడుకుని ఉంటాడని, వీడు కథలు చెబుతున్నాడని రైతుల్లో ఒకడైన రాజాబాబు అన్నాడు. అప్పుడే హరనాథబాబు పార కర్ర ఎత్తాడు.

రెండో దెబ్బ వేళ్ల మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. రాజాబాబు వెనక నుంచి జుట్టు పట్టి లాగాడు. ఇంకెవరో డొక్కలో తన్నారు. చేతులు పట్టు తప్పుతుంటే లక్‌పతి మోకాళ్లతో హ్యాండిల్‌ను బిగించి, దాని మీద బోర్లా పడ్డాడు. మూడో దెబ్బకు నుదురు చిట్లి, నెత్తురు కళ్లలోకి కారింది.

"నన్ను జంపినంక ఏస్కోండ్రి," అన్నాడు. నోట్లో నెత్తురు నిండి మాట ముద్దగా వచ్చింది. "పానముండంగ మాత్రం ఇడువ."

హరనాథబాబు మళ్లీ కర్ర ఎత్తాడు. అంతలో మట్టిలో పడి ఉన్న లక్‌పతి ఫోన్ మోగింది. అద్దం మీద సుమన్ పేరు కనబడుతోంది. లక్‌పతి చెయ్యి చాపాడు గానీ వేళ్లు వంగలేదు.

ఆ సుమన్‌ను కూడా నాలుగు తిట్టాలని హరనాథబాబే ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోగా అవతలి నుంచి ఆయన కొడుకు సాయిబాబు గొంతు వినిపించింది.

"అన్నా, పనైపోయింది, ఇప్పుడే దిగాను, సుమనన్న ఫోన్ నా జేబులో ఉంది, పైన ఉండి ఎత్తలేకపోయాను, ఇక కరెంటు వేసెయ్. స్తంభమెక్కింది నేనని మా నాన్నకు మాత్రం చెప్పకు, కొడతాడు."