ముసలి చొక్కా

వార్డు లైబ్రరీలో ఇప్పుడు పుస్తకాలకన్నా ముసలి చొక్కాలకే గిరాకీ ఎక్కువ. తొడుక్కున్నంతసేపూ ముసలితనమంటే ఏంటో ఒంటికి తెలిపే ఆ చొక్కా, పెద్దవాళ్ళను చూసుకునే ఇళ్ళకు ఒక పాఠం. రెండు నెలలు ఎదురుచూస్తే అనకాపల్లి హేమలతకు వంతు వచ్చింది. చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకోగానే నలభై ఏళ్ళ ఒళ్ళు కాస్తా ఎనభైకి వెళ్ళిపోయింది. మోకాళ్ళు పట్టేశాయి, చేతులు వణికాయి.

"అత్తయ్యా, భలేగా ఉంది!" అని కేకేసింది.

పాఠం ప్రకారం ఆ రోజు కోడలికి సేవ చేయాల్సింది అత్త పైడమ్మే. పొద్దుటే తలస్నానం చేసి, కొంగు బిగించి, పెళ్ళివారింటి పెద్దలా హడావిడి పడిపోతోంది. వణికే చేతులతోనే కాఫీ కలిపి గ్లాసు తెచ్చిచ్చింది.

హేమలత గ్లాసులోకి చూసింది. "సగమే పోశారేంటి అత్తయ్యా?"

"ఒలికిపోద్దని. మూడేళ్ళబట్టీ నువ్వు నాకిచ్చేది అంతేగా!"

హేమలత గ్లాసు కింద పెట్టేసింది. తుడుచుకునే పని తప్పుతుందని తనే కనిపెట్టిన ఉపాయం అది.

"ఒక్కసారైనా ఇంకాస్త పొయ్యమని అడగలేదేం?"

"అడిగి పోయించుకుంటే అది కాఫీ అవుద్దేటే?"

"అయితే ఇప్పుడు నిండా పొయ్యండి, ఇద్దరికీ!"

నిండు గ్లాసులు పెదాలదాకా చేరేసరికి చెరో గుక్కెడు ఒంటిమీదే ఒలికిపోయింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. చొక్కా తడిసిందని హేమలత బొత్తాం మీద చెయ్యి వేసిందో లేదో, పైడమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"అప్పుడే విప్పీకే! మధ్యాన్నం నువ్వు నాకు పెట్టే మెత్తన్నం సంగతి ఇంకా ఉన్నాది."