సొరంగంలో పట్టిన చెయ్యి

"మత్తిచ్చినోళ్లు మళ్లీ లేపడం మరిసిపోతే ఏటి సేత్తావే?"

అంతోనమ్మ పొద్దుట్నుంచి అదే మాట. రైలు ఇంకా అరకు స్టేషన్ కూడా దాటలేదు.

కూతురు క్యాథరిన్ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

క్యాథరిన్ అరకు అవతల ఊళ్లో బడి టీచరు. చిన్నప్పట్నుంచి లావు. అంబలి తాగి, కొండదారిన నడిచి నడిచి సన్నబడింది. ఒళ్లంతా తగ్గింది గాని, భుజాల కింద తోలు మాత్రం ఖాళీ సంచిలా వేలాడింది. బోర్డు మీద రాస్తుంటే అది ఊగేది. వెనక పిల్లలు కిసుక్కుమనేవారు.

ఇప్పుడామె బోర్డు పైసగం వాడటం మానేసింది.

విశాఖలో డాక్టరు రెండు దారులు చెప్పాడు. సన్నగొట్టం పెట్టి కొవ్వు పీల్చెయ్యడం ఒకటి. దానికి మచ్చ కనబడదు, కానీ తోలు బిగుస్తుందని హామీ లేదు. మిగిలిన తోలు కోసి కుట్టెయ్యడం రెండోది. చెయ్యి బిగుతుగా ఉంటుంది, కానీ చంక నుంచి మోచేతి దాకా మచ్చ ఉండిపోతుంది. ఆలోచించుకుని రమ్మన్నాడు. తర్వాత కాయిన్ ఫోన్ నుంచి చేస్తే శనివారం రమ్మన్నాడు.

"పీల్పించీసుకో. కోతలూ కుట్లూ మనకొద్దు. సీము పడితే? సెయ్యే తీసీమంటే?"

"సరేలేమ్మా. పీల్పించుకుంటాను. నెమ్మదిగా మాట్లాడు."

ఎదురుసీట్లో ఒకావిడ కూర్చుని ఉంది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. కొత్తవలసలో దిగాలని ఎక్కగానే చెప్పింది. అంత ఉక్కలోనూ కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుంది.

"ఏం ఆపరేషనమ్మా?" అంది.

"కడుపులో గడ్డ," అంది అంతోనమ్మ ఠక్కున.

ఆవిడ క్యాథరిన్ జాకెట్టు చేతుల వైపు చూసింది. "తొందరపడి ఒప్పుకోకండి. తర్వాత బాధపడాలి."

"మా ఇసయాలు మీకెందుకండీ?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

అంతోనమ్మ కూతురి చెవి దగ్గరికి వంగింది. "ఇంతుక్కలో ఆ కప్పుకోడం సూడు. కొంగు కింద ఏటి దాసిందో. గొలుసు లోపలికి తోసుకో."

బొర్రా దాటాక పెద్ద సొరంగం వచ్చింది.

సొరంగం వస్తే అంతోనమ్మ కళ్లు గట్టిగా మూసుకుని మంగళవార్త జపం చదువుతుంది. కొండ నెత్తిన కూలుతుందని భయం. బోగీలో దీపాల్లేవు. చీకటి పడగానే కుర్రాళ్లు అలవాటుగా ఈలలు, కేకలు వేశారు. ఆ గోలలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

వెలుతురు వచ్చింది.

అంతోనమ్మ కళ్లు తెరిచేసరికి ఆవిడ ముందుకు వంగి ఉంది. క్యాథరిన్ మణికట్టు ఆవిడ గుప్పిట్లో ఉంది.

"వదులు. గాజు లాగీత్తన్నావా?"

"అమ్మా, కాదే..."

"నువ్వుండు. సీకట్లో ఆడపిల్ల సెయ్యట్టుకున్నోలు దొంగ కాక మరెవులు?"

బోగీ అంతా ఇటు తిరిగింది. అప్పటిదాకా కునుకుతున్న ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు.

"ఆ కొంగు తీసి చూపించీమ్మా. గొడవే ఉండదు."

ఆవిడ కొంగు మరింత బిగించుకుంది.

క్యాథరిన్ ఏదో చెప్పబోయింది. ఆవిడ వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది. క్యాథరిన్ నోరు మూసుకుంది.

"గాజుంది కదా? గొలుసుంది కదా? ఇంకేటి, వదిలీండి," అన్నారెవరో.

చిమిడిపల్లిలో బండి ఆగగానే ఆవిడ సంచి తీసుకుని దిగిపోయింది. చుట్టూ కొండలు తప్ప ఏమీ లేని స్టేషను. వేరే పెట్టెలోనూ ఎక్కలేదు. బండి కదిలేసరికి ప్లాట్‌ఫారం మీద ఒక్కతే అటు తిరిగి నిలబడి ఉంది.

"సూసావా? తప్పు సెయ్యకపోతే దిగిపోద్దేటి?"

క్యాథరిన్ విశాఖ దాకా మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గరా మాట్లాడలేదు.

మర్నాడు డాక్టరు అడిగాడు. "ఏం అనుకున్నారు?"

"పీల్పించీడానికేనండి," అంది అంతోనమ్మ.

"కోసి కుట్టెయ్యండి డాక్టర్ గారూ," అంది క్యాథరిన్.

"మచ్చ ఉండిపోతుందమ్మా."

"ఉండనీండి."

బయట బెంచీ మీద కూలబడింది అంతోనమ్మ.

"నిన్న సరేనన్నావు. ఇంతలో ఏటయిందే?"

క్యాథరిన్ డాక్టరు చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

"నా మీద కోపమా?"

క్యాథరిన్ మొహం పక్కకి తిప్పుకుంది.

"నాతో మాటాడ్డం మానీసావేటి? నువ్వూ పలక్కపోతే నేనెవులితో మాటాడాలే. మీ నాన్న పోయిన కాడ్నుంచి ఆ ఇంట్లో గోడల్తో మాటాడతన్నాను."

క్యాథరిన్ ఎదురుగోడ వైపు చూస్తూ కూర్చుంది. టీ తెచ్చిపెట్టిన మనిషి వచ్చి, తాగని గ్లాసులు రెండూ తీసుకుపోయాడు. వరండాలో వాళ్లు తప్ప ఎవరూ మిగల్లేదు.

అప్పుడామె తల్లి వైపు తిరిగింది.

"ఆవిడ చీకట్లో నా చెయ్యి తీసుకుని తన కొంగు కింద పెట్టుకుందమ్మా, భుజం కింద తోలు అచ్చం నాకులాగే వేలాడుతోంది, 'మచ్చకి భయపడి పీల్పించుకున్నాను తల్లీ, ఇంతవరకూ నా మొగుడిక్కూడా చూపించలేదు, నువ్వు తడిమి చూసుకో' అని నా చెవిలో అంది."