బంతిమొక్క కింద రాణి

కుప్పం నుంచి పుంగనూరుకు బైకు మీద పది చేపలను ప్రాణాలతో తీసుకురావడమంటే మాటలు కాదు. మణికంఠ ఆ పని వరసగా నాలుగో ఆదివారం చేస్తున్నాడు. అదీ దొంగచాటుగా, తలమీది హెల్మెట్ తియ్యకుండా, పలమనేరులో టీకి కూడా ఆగకుండా.

పుంగనూరు పొలిమేరలోని టమాటా సాస్ ఫ్యాక్టరీలో వాడిన నీళ్ళను శుభ్రం చేసే పనంతా అతనిదే. మదనపల్లె మార్కెట్ నుంచి లారీల్లో దిగే టమాటాలను కడిగిన నీళ్ళు నాలుగు తొట్లు దాటి, చివరి తొట్టిలో తేటపడి, పక్క రైతుల గడ్డిపొలాలకు పారతాయి. ఆ చివరి తొట్టిలో చేపలు పెంచాలన్నది ఓనరు హరినాథ్ ఆలోచన. "ల్యాబ్ కాగితం అబద్ధం చెప్పొచ్చు, చేప చెప్పదు" అని గోడమీద బారెడు అక్షరాలతో రాయించాడు. చేపలు చచ్చిన రోజు ఫ్యాక్టరీ ఆపేస్తానని, మణికంఠను ఇంటికి పంపేస్తానని అందరి ముందూ చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషే మరి.

ఏడాదిపాటు చేపలు నిక్షేపంగా బతికాయి. మణికంఠ కాలరెగరేసుకుని తిరిగాడు. వాటిలో తోక సగం తెగిన ఒక జిలేబి చేపకు రాణి అని పేరు పెట్టుకుని, రోజూ తవుడు ఉండ అరచేతిలోనే తినిపించేవాడు. మిగతావి వాడి నీడ పడితే చాలు పారిపోయేవి. రాణి ఒక్కటే చేతిలోకి వచ్చేది.

సరిగ్గా నెల కిందట, ఒక సోమవారం పొద్దున డ్యూటీకి రాగానే, తొట్టి దగ్గర ఊడ్చే పాపక్క ఎదురొచ్చింది.

"అప్పా, గుండె గట్టి సేసుకో. పది సేపలు సచ్చి తేలినాయి. నీ రాణి కూడా పాయ."

"అయ్యో! యాడుండాయి పాపక్కా?"

"ఇంకా యాడుంటాయి? ఎవురన్నా సూస్తే నీ ఉద్యోగం ఉంటాదా? గోడ పక్కన పూడ్సేసినా. నేను నోరిప్పితే ఒట్టు, గంగమ్మ సాచ్చిగా."

మణికంఠకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎంత మంచి మనిషి! రాణిని పూడ్చిన చోట ఆ సాయంత్రమే ఒక బంతిమొక్క నాటాడు.

దారి చూపించింది కూడా పాపక్కే. "ఈడ కొంటే ఊరంతా గుప్పుమంటాది. కుప్పం పో అప్పా. స్టేషన్ దావలో ఒగాయన బతికిన సేపలు అమ్ముతాడంట."

ఆదివారం వెళితే నిజంగానే ఒక పెద్దాయన ఉన్నాడు. భుజాన పచ్చ తువ్వాలు. నీళ్ళ డ్రమ్ములో వల ముంచి, పది చేపలను నేరుగా క్యానులోకి వేసి మూత బిగించాడు. "మూత తియ్యద్దు సామీ, ఎండకు సస్తాయి" అన్నాడు. మణికంఠ సెలవురోజు ఫ్యాక్టరీలో ఎవరూ లేకుండా చూసి, గబగబా తొట్టిలో కుమ్మరించేశాడు.

ఆ వారం మళ్ళీ పది పోయాయి. పై రెండు వారాలూ పదేసి. పాపక్క పాపం తెల్లారకముందే వచ్చి పూడ్చిపెడుతూనే ఉంది. మణికంఠ మోటార్లు విప్పాడు, గాలి పంపులు మార్చాడు, నీళ్ళు మూడుసార్లు ల్యాబ్‌కు పంపాడు. నీళ్ళు బంగారంలా ఉన్నాయనే మూడుసార్లూ రిపోర్టు వచ్చింది. వాడు నమ్మితేగా! గోడమీది మాట కళ్ళముందే ఉందాయె. కాగితం అబద్ధం చెప్పొచ్చు, చేప చెప్పదు.

ఇన్ని బాధల మధ్య హరినాథ్ ఒక మీటింగు పెట్టి పాపక్కకు సన్మానం చేశాడు. రోజూ మూత ఉన్న పెద్ద క్యానుతో ఆ తొట్టి నీళ్ళు ఇంటికి మోసుకుపోయి కనకాంబరాలు పెంచుతోందట. "నీళ్ళు వృథా కాకుండా ఎట్ల వాడుకోవల్లో ఈమెను సూసి నేర్సుకోండప్పా!" అని పనోళ్ళకు ఏటా ఇచ్చే, ఫ్యాక్టరీ పేరున్న పచ్చ తువ్వాలు ఇంకొకటి కప్పాడు. చేపలు చచ్చే నీళ్ళకు కనకాంబరాలు ఎట్లా పూస్తున్నాయో మణికంఠకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. వచ్చినంత వేగంగానే పోయింది. వాడి భయం వాడిది.

నాలుగోసారి చేపలు తెచ్చిన మర్నాడే, సోమవారం, కాలుష్య తనిఖీకి సింధూజ అనే ఆఫీసరు వచ్చింది. రిపోర్టులు పక్కన పెట్టేసి నేరుగా చేపల తొట్టి దగ్గరికే నడిచింది. హరినాథ్ చేతులు కట్టుకుని వెనకాల. మణికంఠ తొట్టిలోని చేపల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. నిన్న తెచ్చి పోసిన చేపలు ఇంకెన్ని గంటలు బతుకుతాయో!

"ఈ చేపలు ఎన్నాళ్ళనుంచి ఉండాయి?"

"ఏ... ఏడాది నుంచి మేడమ్" అన్నాడు మణికంఠ.

"నిజమా? నిన్నో మొన్నో తెచ్చి వేసినవి కాదు కదా? కొన్నిచోట్ల అట్లా కూడా చేస్తాండారు."

మణికంఠ చేతులు జోడించబోయాడు. అంతా చెప్పేసి కాళ్ళమీద పడదామనుకున్నాడు. ఎందుకో ఆఖరిసారిగా ఒక తవుడు ఉండ తీసుకుని, చేతిని నీళ్ళలో ముంచాడు. చేపలన్నీ చెదిరి మూలలకు పోయాయి.

ఒక్కటి మాత్రం తిన్నగా ఈదుకుంటూ వచ్చింది. అరచేతిలోకి ఎక్కి, సొంతింట్లో కూర్చున్నట్టు తీరిగ్గా తినసాగింది.

"అబ్బ, ఎంత అలవాటు పడిందో! నెలల తరబడి పెంచితే గానీ ఇట్లా రాదు. నీళ్ళకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?" సింధూజ నవ్వుతూ సంతకం పెట్టేసింది. వెనకాల పాపక్క చీపురు చప్పుడు టక్కున ఆగిపోయింది.

తినడం అయ్యాక ఆ చేప సగం తెగిన తోక ఆడించుకుంటూ వెనక్కి తిరిగింది. నెల కిందట పాపక్క పూడ్చేశానంటే తను బంతిమొక్క నాటి, నిన్న కుప్పంలో డబ్బులిచ్చి మరీ కొనుక్కొచ్చిన రాణి!