డోరీన్ కుర్చీ వెనక

"ఇక దీన్ని బాగుచెయ్యలేం పెద్దాయనా," అన్నాడు మెకానిక్ కీత్, మోకాళ్ల మీంచి లేవకుండానే. "ముప్పై నాలుగేళ్ల బాయిలర్. దీని పార్టులు ఇప్పుడు ఎక్కడా దొరకవు."

హాల్లో చలి కాచుకునే గ్యాస్ పొయ్యి, దాని వెనక గోడలో ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో ఆ వీధి ఇళ్లన్నిట్లోనూ ఒకప్పుడు ఇదే ఏర్పాటు. మిగతావాళ్లంతా ఎప్పుడో పీకించేశారు. ఇంటాయన ఎర్నెస్ట్ మొండిఘటం. సర్వీసింగుకి కూడా ఎవర్నీ దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

"అయితే మళ్లీ గ్యాస్‌దే పెట్టు. శుక్రవారానికల్లా అయిపోవాలి," అన్నాడాయన.

"కరెంటుతో నడిచే హీట్ పంపు పెట్టించు నాన్నా. ఇప్పుడందరూ అదే పెట్టిస్తున్నారు," అంది కూతురు గ్లెనిస్.

"ఆ గోరువెచ్చని యవ్వారం నాకొద్దు. మీ అమ్మకి చలెక్కువ. గదిలో గోడకున్న రేడియేటర్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనాలి."

"అమ్మ రాదు నాన్నా."

"ఎందుకు రాదు? శుక్రవారం ఆ వృద్ధుల హోమ్ నుంచి తెచ్చేస్తున్నా. ఇక పంపేది లేదు."

గ్లెనిస్‌కి ఒళ్లు మండింది. "తెచ్చిన ప్రతిసారీ ఏమైందో మర్చిపోయావా? మతిమరుపుతో హోమ్‌లో చేరిన కొత్తలో తేరుకుని శుభ్రంగా పేపరు చదివేది, అందరినీ పేరు పెట్టి పిలిచేది. ఇంటిగాలి తగిలితే నయమైపోతుందని చలికాలమంతా ప్రతి శనివారం తెచ్చావు. ఆదివారం సాయంత్రానికి తల పట్టుకుని, నన్నక్కడికే పంపెయ్యండి అని ఏడిచేది. ఇప్పుడు చూడు, నిన్నే 'మీరెవరండీ' అంటోంది."

"నలభై తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి నన్నొదిలి పోతానంటుందా? ఆ నర్సులు నూరిపోశారు. నా దగ్గరుంటే బాగుపడుతుంది!" ఎర్నెస్ట్‌కి మిగిలింది ఆ ఒక్క ఆశే.

కీత్ ఏమీ విననట్టు పొయ్యి ఊడదీసి లోపలికి టార్చి వేశాడు. అంతా మసి. చాలాసేపు అలాగే చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"ఈ పొయ్యి పక్కన ఎక్కువగా ఎవరు కూర్చునేవారు?"

"మా ఆవిడ డోరీనే. ఆ కుర్చీ ఆవిడదే. నాకు తెల్లారితే కూరగాయల మడి దగ్గరే కదా పని."

"ఆవిడకి తలనొప్పి, మతిమరుపు... ఇంట్లో ఉన్నప్పుడే ఎక్కువయ్యేవా?"

గ్లెనిస్ మెట్ల మీద కూలబడింది.

"పొగ బయటికి పోకుండా గదిలోకే తిరిగొచ్చేది పెద్దాయనా. అందులో ఉండేది విషవాయువు. వాసనుండదు, కంటికి కనపడదు. రోజూ కాస్త కాస్త పీలిస్తే మెల్లగా మెదడు తినేస్తుంది. చూసినవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు."

"అయితే ఇది తీసేస్తే తగ్గిపోతుంది కదూ?" ఎర్నెస్ట్ ఆత్రంగా అడిగాడు. "కొత్తది పెట్టి తీసుకొస్తే?"

"మొదట్లోనే తెలిసుంటే..." కీత్ ఆ మాట పూర్తి చెయ్యలేదు.

ఎర్నెస్ట్ ముఖం చూడలేక మళ్లీ పనిలో పడ్డాడు. "అయినా ఇంత మసి ఎందుకు పట్టినట్టు? ఇలాంటి పొయ్యికి బయటి గాలి రావాలని గోడకి ఒక జాలీ పెడతారే. అదెక్కడ?"

డోరీన్ కుర్చీ పక్కకి జరిపాడు. దాని వెనక, గోడలో ఉంది జాలీ. అందులోంచి పిసరంత గాలి కూడా రావడం లేదు. స్క్రూలు తిప్పి, లోపల వేళ్లు పెట్టి లాగాడు. నిండా ఉండచుట్టి కుక్కిన న్యూస్‌పేపర్లు.

గ్లెనిస్ ఒకటి అందుకుని విప్పింది. పైన తేదీ ఉంది. నాలుగేళ్ల కిందటి నవంబరు.

"ఆ క్రిస్మస్‌కే," అంది. "అమ్మ మొదటిసారి నా పేరు మర్చిపోయింది."

"ఎవరండీ ఈ పని చేసింది?" కీత్‌కి కోపం ఆగలేదు. "ఎవడా తెలివితక్కువవాడు?"

ఎర్నెస్ట్ ఆ ఖాళీ కుర్చీ వీపుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వెనకనుంచి చలిగాలి కొడుతోందంది," అన్నాడు. "నేనే కుక్కాను."