ఆమెన్ అనని మనిషి

పాదిరి ప్రార్థన ముగించాడు. అందరూ "ఆమెన్" అన్నారు.

ఒకాయన అనలేదు.

వానలో టోపీ చేత్తో పట్టుకుని గోతికి అవతల నిలబడ్డాడు. బెర్మాండ్సీ లాంటి పేదల పేట మనిషి కాదని ఒంటి మీది ఖరీదైన కోటే చెబుతోంది.

తోళ్ల కార్ఖానాలో పనిచేసే సైలస్ ఆయన్ని గుర్తుపట్టాడు. పక్కనున్న వదిన తబితా చెవిలో అన్నాడు.

"ఆయనెవరో తెలుసా? థర్లో. జీవశాస్త్రం పంతులు. మనుషుల తాతలు కోతులని పనివాళ్లకు పాఠాలు చెప్పేది ఈయనే. నేనూ ఓసారి వెళ్లాను. వాళ్లింటి సంగతి చెబుతున్నాడేమో అనుకున్నా."

తబితా నవ్వలేదు. గోతిలోకి దించుతున్న పెట్టెలో ఆమె కొడుకు నెడ్ ఉన్నాడు. ఏడేళ్లవాడు.

జ్వరాల ఆస్పత్రిలో తల్లుల్ని గేటు దాటనివ్వరు. అంటు. బిడ్డను బండి ఎక్కించి పంపడం వరకే. బతికితే బిడ్డ వస్తాడు, లేకపోతే కబురు వస్తుంది.

కబురు వచ్చిన రోజు నుంచీ ఆమె అడిగేది ఒకటే. "వాడి దగ్గర ఎవరున్నారు?"

గేటు కాపలావాడికి తెలియదు. పాదిరిని అడిగింది. "దేవుడున్నాడమ్మా" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆమె ఇక్కడిదాకా నడిచొచ్చింది.

మట్టి వేశాక థర్లో ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీ అబ్బాయి గురించి..."

"మీరు ఆమెన్ ఎందుకనలేదు?"

ఆయన తడబడ్డాడు. "నమ్మనిదాన్ని నమ్మినట్టు అనలేను."

"మావాడు స్వర్గంలో లేడంటారా?"

"లేడనను. ఉన్నాడనీ అనను. నాకు తెలియదు."

"చదువుకున్నవారు. ఒక్కసారి ఉన్నాడనండి. మీ సొమ్మేం పోతుంది?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కళ్లారా చూసింది మాత్రమే చెప్పగలనమ్మా" అన్నాడు. "అది చెప్పాలనే వచ్చాను."

"మీరు చూసింది నాకొద్దు."

"ఒక్క నిమిషం వినండి."

"వద్దందిగా." సైలస్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "దయచేయండి పంతులుగారూ. చావుల దగ్గర కోతులకేం పని?"

థర్లో టోపీ పెట్టుకుని వెళ్లాడు. గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాడు. తబితా మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె ఆస్పత్రి గేటు దగ్గర నిలబడేది. నెల దాటాక, సెలవు మీద బయటికొస్తున్న నర్సు ఒకామె దొరికింది. నెడ్ వార్డు ఆమెదే.

"వాడి దగ్గర ఎవరున్నారమ్మా?"

"అదేమిటి, థర్లో గారు చెప్పలేదూ? చెప్పడానికే సమాధి దగ్గరికి వెళ్తున్నానన్నారే."

తబితా గేటు ఊచ పట్టుకుంది.

"ఈ జ్వరం ఎలా అంటుకుంటోందో తేల్చడానికి ఆయన మా వార్డుకు వచ్చేవారు. పనయ్యాక మీవాడి మంచం పక్కన కూర్చునేవారు. ఆఖరి పూట చెయ్యి వదల్లేదు. అంటుకుంటుంది, లేవండయ్యా అన్నాను. 'వీడు ఎక్కడికి పోతున్నాడో నాకు తెలియదు నర్సమ్మా. పోయేదాకా మనిషి తోడుండాలని మాత్రం తెలుసు' అన్నారు."

"ఆయన ఇల్లెక్కడ?"

నర్సు వెనక్కి తిరిగి ఆస్పత్రి వైపు చూసింది.

"అదే జ్వరంతో ఆయన్నీ ఇక్కడికే తెచ్చారు. మొన్న గురువారం పోయారు."

వీధిలో బొగ్గుల బండి ఒకటి వెళ్లింది. అది మలుపు తిరిగాక తబితా అడిగింది.

"నెడ్ ఏమైనా అన్నాడా, చివర్న?"

"ఏదో అన్నాడు. వంగి విన్నది ఆయనొక్కరే. ఏమన్నాడని ఆ రోజే అడిగాను. అది వాళ్లమ్మకు చెప్పాల్సిన మాట, ముందు ఆమెకు చెప్పనివ్వండి అన్నారు."