అచ్చిబాబుగారి త్యాగం

మధ్యాహ్నం భోజనాలయ్యి ఊరంతా కునుకు తీసే వేళ, అచ్చిబాబు తలగుడ్డ చుట్టుకుని తన సొంత చేని దగ్గరికే దొంగలా బయల్దేరాడు.

రెండో పంట దాళ్వా వరి పొట్ట మీదుంది. ఇప్పుడు నీళ్లందకపోతే గింజంతా తాలే. కానీ మొన్ననే పంచాయితీ దగ్గర కొత్త ప్రెసిడెంటు సంపూర్ణమ్మగారు అందరికీ దణ్ణం పెట్టి మరీ అడిగారు.

"కాలవలో నీళ్లు చాలవండి. ఎగువ రైతులు ఈ వారం వంతు వదిలేస్తే శివారు చేలు బతుకుతాయి. తలో కాస్త నష్టపోదామండి."

అబ్బో, ఏం చప్పట్లనుకున్నారు. చప్పట్ల దగ్గర మా ఊరు ఎప్పుడూ పిసినారితనం చూపించదు. అచ్చిబాబైతే లేచి, త్యాగమంటే ఏంటో అరగంట చెప్పాడు. ముచ్చటపడి తూముల కాపలా అతనికే అప్పజెప్పారు ఆవిడ.

'మిగతావాళ్లు వదులుతున్నారుగా, నా ఒక్కడి తూముతో కొంపలేం మునిగిపోతాయి' అనుకుంటూ అచ్చిబాబు తూము తలుపెత్తాడు. కాపలా భలేవాడికి ఇచ్చారని తనమీద తనకే నవ్వొచ్చింది. నీళ్లు గలగలా చేలోకి దిగాయి. ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు చూస్తే పైరు ఎండనూ లేదు, నీళ్లు నిలవనూ లేదు. మళ్లీ తలుపెత్తాడు. మళ్లీ అంతే. మూడో రోజు దిగువ గట్టంతా వెతికితే, గడ్డి కప్పిన బెజ్జం ఒకటి కనబడింది. తన నీళ్లన్నీ శివారు చేలకి పోయే బోదె కాలవలోకి పారుతున్నాయి. ఆ చివర సత్తియ్య చేను నిండుకుండలా ఉంది.

"నా నీళ్లు కాజేస్తావేంట్రా?" అంటూ సత్తియ్య మీదికెళ్లాడు.

"బెజ్జం సంగతి నాకు తెలీదండి. అయినా ఈ వారం తమరికి నీళ్లెక్కడివండి?" అన్నాడు సత్తియ్య.

అచ్చిబాబు తలగుడ్డ మొహం మీదికి లాక్కుని వచ్చిన దారే పట్టాడు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

ఆదివారం మీటింగులో సంపూర్ణమ్మగారు అతనికి శాలువా కప్పి, "తన చేలోంచి శివారుకి నీళ్లిచ్చిన మహానుభావులండి" అన్నారు. మళ్లీ చప్పట్లు. కాదంటే దొంగతనం బయటపడుతుంది, అవునందామంటే మొహం చెల్లడం లేదు.

శాలువా సర్దుకుంటూ గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ ఆ బెజ్జం కొట్టిందెవరో తెలిసిందాండి?"

"మీ ఉపన్యాసం విన్న సాయంత్రమే, పార పట్టుకెళ్లి నేనే కొట్టానండి" అన్నారు ప్రెసిడెంటుగారు.